గోదాము గుమ్మంలో వదిన చెప్పులు

చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ రెండు నెలలూ ఆ వీధి వాళ్ళందరికీ ఆకాశం మీదే కన్ను. చుట్టూ బల్లపరుపు నేల. కొండా లేదు, గుట్టా లేదు, గాలికి అడ్డం పడేది ఏదీ లేదు. పొద్దున శుభ్రంగా ఎండ కాస్తుంది. మధ్యాహ్నానికి పడమట నేలకీ నింగికీ మధ్య కాటుక పెట్టినట్టు ఒక నల్లటి గీత కనబడుతుంది. ఆ గీత లావెక్కేలోపు మనిషన్నవాడు గట్టి కప్పు కిందికి చేరాలి. వీధిలో ఉన్నవి పదకొండిళ్ళు, పదకొండూ రేకుల ఇళ్ళే. గట్టి కప్పు ఒక్కటే ఉంది, వీధి చివర విత్తనాల గోదాము. రాతి గోడలు, సిమెంటు శ్లాబు, ఇనప తలుపు. ఆ తలుపు తాళం తాళాలత్త నడుముకి వేలాడుతూ ఉండేది.

తాళాలత్త అసలు పని గోదాము ఊడవడం, మూటలు ఎలకలు కొట్టకుండా చూడటం. గాలివాన వస్తే జనాన్ని లోపలికి చేర్చమని ఎవరూ ఆమెకి చెప్పలేదు. తాళం ఆమె దగ్గరుంది కాబట్టి ఆ పనీ ఆమెదే అయింది. ఆమె కూడా సంతోషంగానే నెత్తినేసుకుంది. ఎందుకంటే ఆ పనికి కావలసిన చదువు ఆమెకి పుట్టుకతోనే వచ్చింది. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోనిదే ఆమెకి తిన్నది అరగదు. పొద్దున్నే చీపురు చంకన పెట్టుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక చుట్టు చుట్టి వచ్చేది.

"ఏం పిల్లా, మీ ఆయన మిల్లుకెళ్ళాడా, ఇంకా ముసుగు తన్నాడా?"

"సంచీ పట్టుకుని బయల్దేరావు, ఎక్కడికి? మధ్యాహ్నానికి వచ్చేస్తావా, సాయంత్రమా?"

కొందరు విసుక్కునేవాళ్ళు. దర్జీ మాత్రం మిషను తొక్కుతూనే, "అత్తా, ఇవాళ రెండుసార్లు దగ్గాను, మూడోది రావాలా వద్దా నువ్వే చెప్పాలి" అనేవాడు. "దగ్గింది సరే, రాత్రి మీ ఇంట్లో గిన్నె ఎందుకు ఎగిరిపడిందో అది చెప్పు ముందు" అని ఆమె తిప్పికొట్టేది.

ఎవరెంత నవ్వుకున్నా, ఆ చుట్టు తిరగడం వల్లే ఏ రోజు వీధిలో ఎంతమంది ఉన్నారో ఆమెకి నాలిక మీద ఉండేది. మబ్బు పట్టినప్పుడు ఆ అంకె కావాలి. గోదాము ముందు తాడుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఉంది. ఆమె సుత్తి పెట్టి దాన్ని వాయించేది. అందరూ పరుగెత్తుకొచ్చేవాళ్ళు. అంకె సరిపోగానే తలుపు మూసి అడ్డగడియ వేసేది. ఒకసారి గడియ పడిందంటే గాలి చచ్చేదాకా తియ్యకూడదు. రెండేళ్ళ కిందట ఎవరిదో దూడ బయట అరుస్తోందని ఎవరో గడియ తీశారు. గాలి తలుపుని లాక్కుని విసిరి కొట్టింది. తలుపు పక్కనే ఉన్న పాల కేంద్రం అతని చెయ్యి మోచేతి దగ్గర విరిగి ఇప్పటికీ వంకరే. ఆ రోజు నుంచి ఆ కట్టుబాటు రాతి మీద గీతలా అయిపోయింది.

లెక్కపెట్టడానికి ఆమెకొక పద్ధతి ఉంది. లోపల కిటికీలు లేవు, పైన గాలికోసం నాలుగు కన్నాలంతే. గాలివాన మొదలవగానే కరెంటు పోతుంది. ఆ చీకట్లో తలలు లెక్కపెడదామంటే పిల్లలు మూటల మీదికెక్కి దాక్కుంటారు, ముసలివాళ్ళు మూలల్లో వాలిపోతారు, ఒకే తలకాయని రెండుసార్లు లెక్కపెట్టడం, ఇంకొకదాన్ని వదిలెయ్యడం. విత్తనాలున్న చోటికి బురద రాకూడదు కాబట్టి అందరూ గుమ్మం లోపల గోడ వారగా గోనెపట్టా మీద చెప్పులు విప్పాల్సిందే. తాళాలత్త టార్చిలైటు వేసి ఆ చెప్పుల జతలు లెక్కపెట్టేది. "తలలు నా మాట వినవు. చెప్పులైతే పెట్టినచోటే ఉంటాయి" అనేది. అయిదేళ్ళుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆమె మాట వినని తలల్లో మొదటిది వదినది. వదినంటే ఆమె భర్తకి అక్క. మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరి పందొమ్మిదేళ్ళయింది. ఎడమకాలు కుంటి. చేతికర్ర లేనిదే అడుగు పడదు. నోటికి మాత్రం ఏ కర్రా అక్కర్లేదు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కూర అడుగంటితే వదిన పొయ్యి దగ్గరికొచ్చి గట్టిగా వాసన పీల్చి, "ఏమే, ఇవాళ బొగ్గుల కూరా?" అనేది. "నీ నోటికి అదే ఎక్కువ" అని మరదలు వడ్డించేది. అన్నం మాత్రం ఇద్దరూ ఒకేసారి తినేవాళ్ళు. ఒకళ్ళు రాకపోతే ఇంకొకళ్ళు కంచం ముందు గొణుక్కుంటూ కూర్చునేవాళ్ళే గాని ముద్ద ముట్టేవాళ్ళు కాదు.

ఆ యేడు వానల హెచ్చరికలు మరీ ఎక్కువయ్యాయి. ఫోనుకి రోజు విడిచి రోజు ఎర్రరంగు సందేశం: ఉరుములు, మెరుపులు, వడగళ్ళు, ఈదురుగాలులు. తాళాలత్త ప్రతిసారీ పట్టా ముక్క వాయించేది. జనం వచ్చేవాళ్ళు, గంటో రెండు గంటలో ఉక్కలో మగ్గేవాళ్ళు, తలుపు తీస్తే నాలుగు చినుకులు, కాసింత దుమ్ము. ఒక మంగళవారం అలాగే అయింది. ఆ రోజు వదిన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. దారిలో వదిన కుడి చెప్పు బొటనవేలి పట్టీ తెగింది. రెండు గంటలు కూర్చోబెట్టి తలుపు తీసేసరికి బయట ఫెళ్ళున ఎండ.

వదిన కర్ర నేలకేసి కొట్టింది. "నువ్వు తరిమిన తరుముడికి చెప్పు తెగింది. ఈ ఎండ చూపించడానికా నన్ను తెచ్చావు? కుట్టించి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టు. అప్పటిదాకా ఈ గడప తొక్కను."

"నేనెందుకు కుట్టిస్తాను? నీ కాళ్ళు, నీ చెప్పులు. కావాలంటే నువ్వే వచ్చి పట్టుకుపో."

"పట్టుకుపోను. నువ్వే ఏలుకో!"

వీధంతా నవ్వింది. వదిన ఒట్టికాళ్ళతో ఇంటికి నడిచింది. ఆకుపచ్చ దారంతో అంతకుముందెప్పుడో కుట్టిన ఆ పాత చెప్పులు గోదాము గోడ వారనే ఉండిపోయాయి. బుధవారం తాళాలత్త ఊడుస్తూ వాటిని పైకెత్తింది, కింద ఊడ్చింది, మళ్ళీ అక్కడే పెట్టింది. గురువారమూ అంతే. చెప్పులు కుట్టేవాడు రెండు వీధుల అవతలే కూర్చుంటాడు. పట్టుమని పావుగంట పని కూడా కాదు. ముందు ఎవరు తగ్గుతారో చూద్దామనుకుంది.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మాటలంటే నేరుగా ఆగిపోయాయి గాని లేకపోలేదు. ఇద్దరూ మధ్యలో ఆయన్ని పెట్టుకున్నారు. "తమ్ముడూ, మీ ఆవిడతో చెప్పు, నా దుప్పటి ఎండలో వెయ్యమని." "మీ అక్కతో చెప్పండి, పొద్దున్నే వేశానని." ఆయన ట్రాక్టర్ల మెకానిక్కు. ఎప్పుడూ చేతులకి గ్రీజు, నోటికి తాళం. అలాంటివాడు కూడా కంచం మీంచి తలెత్తి, "ఇంజను బాగుచెయ్యమంటే చేస్తాను గాని ఈ పోస్టుమేను ఉద్యోగం నా వల్ల కాదు" అన్నాడు. అన్నాక ఆడవాళ్ళిద్దరికీ నవ్వొచ్చింది. ఒకళ్ళకి కనబడకుండా ఒకళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

శుక్రవారం ఆయన తెల్లారే ఏదో సామాను కోసం పట్నం వెళ్ళాడు. మధ్యలో మనిషి లేకుండా పోయాడు. వదిన గోడతో మాట్లాడింది. "గోడా గోడా, గేదెని ఎవరో దూరంగా కాలవగట్టున కట్టేశారు. మబ్బొస్తే దాని గతేమిటో!"

తాళాలత్త పొయ్యితో మాట్లాడింది. "పొయ్యీ, గేదెకి నాలుగు కాళ్ళున్నాయి, దాని సంగతి అది చూసుకుంటుంది. నేను పట్టా కొడతాను. రావాలనుకున్నవాళ్ళు రావచ్చు, మానాలనుకున్నవాళ్ళు మానచ్చు."

ఆ ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఒకటి గోడకి, ఒకటి పొయ్యికి.

ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. ఎర్రరంగే. తాళాలత్త బయటికొచ్చి చూసింది. ఈసారి పడమటి గీత నల్లగా లేదు, చీముపట్టిన పుండులా ఆకుపచ్చ మీదికి తిరిగి ఉంది. దాని కింద మెరుపులు ఆగకుండా కదులుతున్నాయి. గాలి చప్పున ఆగిపోయింది. ఆరేసిన బట్టల కొస కూడా కదలలేదు. చెయ్యి పడిపోయేలా పట్టా ముక్క వాయించింది.

ఆ రోజు ఏడుగురు ఊళ్ళో లేరు. పొద్దుటి చుట్టులో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుంది. లోపల ఇరవై ఆరుగురు ఉండాలి. జనం వచ్చారు. చిన్నపిల్లలతో, కోడిపెట్టతో, దర్జీ అయితే మిషను తలకాయ ఊడదీసి భుజాన వేసుకుని. మొదటి వడగళ్ళ రాళ్ళు అప్పుడే టపటపా పడుతున్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి తోసింది, "లోపలికి, లోపలికి" అని అరిచింది, టార్చి వేసి చెప్పుల మీద తిప్పింది. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. చివర్న ఆకుపచ్చ దారం కుట్టు. ఇరవై ఆరు.

హమ్మయ్య, మొండిఘటం వచ్చింది, అనుకుంది. మూడు రోజులుగా చూసి చూసి కళ్ళకి అలవాటైపోయిన చెప్పులు. అవి ఇవాళ వచ్చినవా, మంగళవారం ఉండిపోయినవా అన్న మాటే ఆమె మనసుకి తట్టలేదు. లోపలికి టార్చి వేసి వదిన మొహం కోసం వెతకనూ లేదు. వెతికితే కళ్ళు కలుస్తాయి. కళ్ళు కలిస్తే మాట కలపాలి. తలుపు మూసి గడియ వేసి దానికి వీపు ఆనించి నిలబడింది.

పైన ఆకాశం పగిలి మీద పడ్డట్టు మొదలైంది. శ్లాబు మీద రాళ్ళు, బయట వసారా రేకుల మీద రాళ్ళు, ఇనప తలుపు మీద రాళ్ళు. పిల్లలు ఏడుస్తున్నారని నోళ్ళు తెరుచుకోవడం చూసి తెలుసుకోవాలే గాని చెవికి వినబడదు. ఎక్కడో పిడుగు పడి గోడ అదిరింది. ఆ హోరులోనే ఆమె వీపుకి తగిలింది. చెవికి వినబడే ముందు వీపుకే తెలిసింది. తలుపు మీద మూడు దెబ్బలు. కాస్త ఆగి, మళ్ళీ మూడు.

దర్జీ దగ్గరికి వచ్చి చెవిలో అరిచాడు. "అత్తా, ఎవరో తడుతున్నారు!"

"రాళ్ళు."

"రాళ్ళు మూడేసి చొప్పున పడతాయా?"

"వసారా రేకు ఊడి కొట్టుకుంటోంది. అందరూ లోపలే ఉన్నారు. నేను లెక్కపెట్టాను."

"ఒక్కసారి చూద్దామా?"

"చెయ్యి విరగ్గొట్టుకుంటావా? మిషను ఎవడు తొక్కుతాడు? వెళ్ళి కూర్చో!"

దర్జీ కూర్చోలేదు గాని గడియ మీద చెయ్యీ వెయ్యలేదు. పాల కేంద్రం అతను తన వంకర చేతిని ఇంకో చేత్తో పట్టుకుని తలుపు వంకే చూస్తున్నాడు. మళ్ళీ మూడు దెబ్బలు. ఈసారి కొంచెం కింద, ఆమె నడుము దగ్గర.

ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. "వదినా" అని లోపలి చీకట్లోకి ఒక్కసారి పిలిస్తే సరిపోయేది. పిలవాలని నోటిదాకా వచ్చింది కూడా. పిలిస్తే మూటల వెనక నుంచి "ఇప్పుడు పిలిచిందే!" అని వదిన పకపకా నవ్వుతుందనుకుంది. ఇంకాసేపట్లో వాన ఆగుతుంది, అప్పుడు ఎలాగూ ముందు ఆవిడే నోరు విప్పుతుందనుకుంది. పెదవులు బిగించుకుని గడియకి ఇంకాస్త గట్టిగా ఆనుకుంది.

దెబ్బలు ఆగాయి. రాళ్ళు ఇంకా చాలాసేపు పడ్డాయి.

చప్పుడు పూర్తిగా తగ్గాక ఆమె వెనక్కి తిరిగి, ఎవరితోనో అన్నట్టు, "ఇంక లేవచ్చు, కాళ్ళు పట్టేసి ఉంటాయి" అంది. అది వదినకి. టార్చి వేసింది. మూటల వెనక, మూలల్లో, అందరి మొహాల మీదా వేసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. వాళ్ళకీ అప్పుడే తెలిసింది. గడియ తియ్యబోతే చేతులు రాలేదు. దర్జీ తీశాడు.

వసారా రేకులు ఒక్కటీ లేవు. మెట్ల మీద మోకాలెత్తు తెల్లటి రాళ్ళ పోగు. ఆ పోగులో తలుపుకి ఆనుకుని వదిన కూర్చుని ఉంది. కర్ర చేతిలోనే ఉంది. తల మీద కొంగు తడిసి ఎర్రగా ఉంది. ఒక కాలికి తమ్ముడి రబ్బరు చెప్పు, పడవంత పెద్దది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయింది. ఇంకో చేతి వేళ్ళ మధ్య గడ్డీ, పలుపుతాడు పీచూ ఉన్నాయి. సాయంత్రం గేదె దానంతటదే ఇంటికొచ్చి గుమ్మం ముందు నిలబడింది. కాలవగట్టు దాకా ఆ కాలితో వెళ్ళి కట్టు విప్పి, అక్కణ్ణుంచి గోదాముకి నడుచుకుంటూ వచ్చిందన్న మాట. ఈ గడప తొక్కనన్న మనిషి వచ్చింది.

ఊరు ఊరంతా వచ్చి, "నీ తప్పేముందమ్మా, నువ్వు ఇరవై అయిదుగురిని కాపాడావు" అన్నారు. ఆ మాట విన్నకొద్దీ ఆమె గోడ వైపు జరిగేది. తిట్టినా బావుండేది. తిట్టడానికి పుట్టిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడా పోయింది.

ఆయన ఏడవలేదు. అక్కని సాగనంపి వచ్చిన మూడో రోజున అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి అడిగాడు. "అక్క తలుపు తట్టిందా?"

తాళాలత్త కంచం వంక చూసింది. "లేదు. మెట్ల దాకా వచ్చేసరికే రేకు తగిలి పడిపోయి ఉంటుంది."

"పోనీలే. తెలియకుండా పోయింది" అన్నాడాయన. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె పెట్టుకోలేకపోయింది.

అది అబద్ధమని వీధిలో అందరికీ తెలుసు. ఆయన దుకాణానికి వెళ్తే దుకాణంలో మాటలు మారిపోయేవి. దర్జీ ఆయన్ని చూడగానే తల దించుకుని ఖాళీ మిషను తొక్కేవాడు. పొద్దుటి చుట్టు ఆగిపోయింది. తాళాలత్త ఎవరినీ ఏమీ అడగడం లేదు. ఎవరింట్లో గిన్నె ఎగిరినా తలుపు తీసి చూడటం లేదు. తాళంచెవి తీసి దర్జీ బల్ల మీద పెట్టేసింది. దర్జీ తలుపు తీస్తే గోదాము ఊడవడం మాత్రం మానలేదు. రోజూ ఆ చెప్పులు పైకెత్తేది, కింద ఊడ్చేది, అక్కడే పెట్టేది.

ఇరవై రోజులకి మళ్ళీ పడమట గీత లేచింది. పట్టా ముక్క దర్జీ వాయించాడు. ఆ రోజు మెకానిక్కు ఇంట్లోనే ఉన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. దర్జీ చెప్పులు చూడలేదు. మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి నెత్తి మీద చెయ్యి వేసి లెక్కపెట్టాడు, పైకి, గట్టిగా. "ముప్పై" అని ఆగాడు. పేరు పేరునా మళ్ళీ చూసుకుని, "అందరం వచ్చేశాం" అన్నాడు. గడియ పడింది.

వడగళ్ళు మొదలయ్యాయి. మునుపటంత కాదు. పక్కవాడి మాట వినబడేంత. ఇనప తలుపు మీద టక్, టక్, టక్. మెకానిక్కు తలెత్తాడు.

"ఎవరో తడుతున్నారు."

"రాళ్ళు" అంది తాళాలత్త.

ఆలోచించి అన్నది కాదు. నోట్లో ఇరవై రోజులుగా సిద్ధంగా ఉన్న మాట, అడగ్గానే బయటికొచ్చేసింది. వచ్చాక గోదాములో ఎవరూ ఊపిరి తియ్యలేదు. దర్జీ తల దించుకున్నాడు. పాల కేంద్రం అతను గోడ వైపు తిరిగాడు. మెకానిక్కు ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వచ్చాడు. అన్నీ నేలకేసి ఉన్నాయి. ఏ ఇంజనులో ఏ మర ఊడిందో చప్పుడు విని చెప్పగల మనిషి. ఆ నిశ్శబ్దం వినడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళి ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు. భార్య వైపు తిరక్కుండానే అడిగాడు.

"ఎంతసేపు తట్టింది?"

ఆమె నోరు తెరిచింది. ఈసారి అబద్ధానికి కూడా ఓపిక లేదు.

"రాళ్ళు ఆగకముందే ఆగింది."

ఆయన వాన తగ్గేదాకా చెయ్యి తలుపు మీంచి తియ్యలేదు. గడియ తీశాక వంగి, గోడ వారనున్న అక్క చెప్పులు రెండూ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. తన చెప్పులు అక్కడే వదిలేసి, ఒట్టికాళ్ళతో రాళ్ళ మీద నడుచుకుంటూ చెప్పులు కుట్టేవాడుండే వీధి వైపు వెళ్ళిపోయాడు. ఆమె ఆయన చెప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.